షర్టుల బిల్లు: మనం డబ్బు ఇస్తున్నది ఉతుకుకా, ఇస్త్రీకా?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆమె, భర్త ఇద్దరూ ఉద్యోగస్థులు. ఇద్దరి కార్యాలయాల్లోనూ నలగని ఫార్మల్ షర్టు తప్పనిసరి కావడంతో వారానికి పది షర్టులు మాసిపోతాయి. మంచి షర్టుకు ఇంటి నీళ్లు తగలకూడదన్నది ఆయన నమ్మకం. అందువల్ల పెళ్లయిన నాటి నుంచీ షర్టులన్నీ డ్రై క్లీనింగ్‌కే వెళ్తున్నాయి. ఈమధ్య ఇంటి అప్పు తీర్చడం కోసం ఖర్చులన్నీ పుస్తకంలో రాయడం మొదలుపెట్టాక, నెల తిరిగేసరికి షర్టుల మీద పెడుతున్న డబ్బుతో అదే రకం కొత్త షర్టులు నాలుగు కొనవచ్చని తేలింది. "ఇక ఇంట్లోనే ఉతుక్కుందాం" అని ఆమె అంటే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. కానీ ఆ తరువాతి నెలంతా ఆ పని ఆమె ఒక్కదానిమీదే పడింది. ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఇస్త్రీ బల్ల ముందే గడిచిపోయాయి. ఒక రోజు ఆయన తెల్ల షర్టు వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమ రంగులో దిగిపోయింది. "అందుకే బయట ఇద్దామన్నాను" అని ఆయన అన్న ఒక్క మాటతో మళ్లీ అన్నీ డ్రై క్లీనింగ్‌కు వెళ్లాయి, మాటలు తగ్గాయి. వీటికి తోడు ఆమెకు మరికొన్ని సందేహాలున్నాయి. అంత ఖర్చు పెట్టినా తెల్ల షర్టుల కాలర్లు, చంకలు ఏడాది తిరగకముందే ఎందుకు పచ్చబడుతున్నాయి? ఆయన షర్టు కంటే చిన్నదైన తన షర్టుకు ఎక్కువ ఎందుకు తీసుకుంటున్నారు? ఖరీదైన షర్టు ఒకటి కాలరంతా బుడగలు లేచి తిరిగి వస్తే, తప్పు తమది కాదు, తయారీదారుదని దుకాణం వాళ్లు అంటున్నారు, అది నిజమేనా? "ఇంత చిన్న విషయానికి ఉత్తరం రాయాల్సి రావడం సిగ్గుగా ఉంది" అని ఆమె ముగించారు.

మీరు సిగ్గుపడవలసినదేమీ లేదు. ప్రతి వారం తప్పకుండా జరిగే ఖర్చు, ప్రతి ఆదివారం తప్పకుండా పోయే పూట చిన్న విషయాలు కావు. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాక నాకు అర్థమైనదేమిటంటే, మీ ఇంట్లో మూడు వేరువేరు ప్రశ్నలు ఒకే మూటలో కట్టి ఉన్నాయి. షర్టు దేనితో శుభ్రపడుతుంది, దానికి ఎంత ఇవ్వడం న్యాయం, ఆ పని ఎవరు చేయాలి. మీ వారు మొదటి ప్రశ్నకు చెప్పుకున్న జవాబే మిగిలిన రెండింటినీ నడిపిస్తోంది కనుక అక్కడే మొదలుపెడదాం.

డ్రై క్లీనింగ్‌లో బట్టను నీటితో కాకుండా ద్రావకంతో ఉతుకుతారు. చాలాచోట్ల అది పెర్‌క్లోరోఇథిలీన్, కొన్నిచోట్ల పెట్రోలియం నుంచి వచ్చే హైడ్రోకార్బన్ ద్రావకం. ఈ ద్రావకాలు నూనెను, జిడ్డును చక్కగా కరిగిస్తాయి. నీళ్లలో వేస్తే ఊలు ముడుచుకుపోతుంది, కోటులో లోపలి పొరల ఆకారం చెడుతుంది. అలాంటి వాటికి ఈ పద్ధతి వరం. కానీ చెమటలో ఎక్కువ భాగం నీళ్లు, ఉప్పు. ఉప్పు ఈ ద్రావకాల్లో కరగదు. దుకాణంలో ద్రావకానికి ప్రత్యేకమైన సబ్బు, కొద్దిగా తేమ కలుపుతారు గానీ రోజూ చెమటపట్టే నూలు షర్టుకు అది చాలదు. వారం వారం కొంత మిగిలిపోయి, ఆ మిగిలిన దానిమీద ఇస్త్రీ వేడి పడి, కాలరు దగ్గర చర్మపు జిడ్డు గాలికి ముదిరి పసుపు రంగు తేలుతుంది. చంకల్లో పచ్చదనానికి చెమట వాసన రాకుండా రాసుకునే వాటిలోని అల్యూమినియం లవణాలు కూడా కారణం. అంటే మీ తెల్ల షర్టులు పచ్చబడుతున్నది ఖర్చు తక్కువ పెట్టినందువల్ల కాదు, ఎక్కువ ఖర్చు పెట్టి వాటికి సరిపడని పద్ధతి ఎంచుకున్నందువల్ల.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. చాలా దుకాణాలు మనం డ్రై క్లీనింగ్ అని ఇచ్చిన నూలు షర్టులను కూడా నీళ్లలోనే ఉతికి, యంత్రం మీద ఇస్త్రీ చేసి ఇస్తాయి. మీ బిల్లు మీద ఏమని రాస్తున్నారో, ధర ఏ పద్ధతికి వేస్తున్నారో ఒకసారి స్పష్టంగా అడగండి. నీళ్లలో ఉతికి డ్రై క్లీనింగ్ ధర వేస్తున్నట్టు తేలితే, పద్ధతి పేరు మార్పించుకోవడంతోనే మీ సమస్యలో పెద్ద ముక్క తీరిపోతుంది.

షర్టు లోపలి లేబుల్ చూడటం కూడా మీ వారికి నచ్చచెప్పడానికి మంచి మార్గం. వాదన మీ ఇద్దరి మధ్య కాకుండా లేబుల్‌కూ ఆయన నమ్మకానికీ మధ్య జరుగుతుంది. నీళ్ల తొట్టి గుర్తు ఉండి దానిమీద కొట్టివేత లేకపోతే తయారుచేసినవారే నీళ్లలో ఉతకమంటున్నారని అర్థం. తొట్టిలో ఉన్న అంకె నీటి వేడికి గరిష్ఠ హద్దు. వృత్తం గుర్తు డ్రై క్లీనింగ్‌కు సంబంధించినది. అందులో పి అక్షరం ఉంటే పెర్‌క్లోరోఇథిలీన్ వాడవచ్చు, ఎఫ్ ఉంటే హైడ్రోకార్బన్ ద్రావకాలకే పరిమితం కావాలి, డబ్ల్యు ఉంటే నిపుణులు ప్రత్యేక యంత్రాల్లో నీళ్లతో ఉతకవచ్చు. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క తక్కువ వేడికి, మూడు చుక్కలు ఎక్కువ వేడికి. పట్టు, ఊలు, విస్కోస్ కలిసినవి, కుట్టుపని ఉన్నవి, వృత్తం ఉండి తొట్టి మీద కొట్టివేత ఉన్నవి మాత్రం పక్కకు తీసి డ్రై క్లీనింగ్‌కే పంపండి. మీ పది షర్టుల్లో అలాంటివి ఒకటో రెండో ఉంటాయని, మిగిలినవన్నీ నీళ్లకు తట్టుకునేవేనని నా అంచనా.

ఇప్పుడు డబ్బు. నెలకు దాదాపు నలభై షర్టులు, ఆ ఖర్చుతో నాలుగు కొత్త షర్టులు. అంటే ఒక్కసారి శుభ్రం చేయించడానికి షర్టు ధరలో పదో వంతు పోతోంది. పదిసార్లు పంపిన షర్టుకు మీరు రెండోసారి పూర్తి ధర కట్టినట్టే. ఇరవైసార్లు పంపితే మూడోసారి. ఈ లెక్క చూసి భయపడి ఒక్కసారిగా అన్నీ ఇంటికి తెచ్చుకున్నారు. మీ మొదటి ప్రయత్నం విఫలమవడానికి అదే కారణమని నా ఉద్దేశం. ఎందుకంటే ఆ ధరలో రెండు వేరువేరు పనుల కూలి ఉంది. ఉతకడం యంత్రం చేసే పని, పది షర్టులైనా ఇరవై షర్టులైనా అదే గంట. ఇస్త్రీ ఒక్కో షర్టుకూ మనిషి చేతి సమయం తీసుకుంటుంది. మీరు బయట ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం, ఇంట్లో చేస్తే పోయే సమయంలోనూ ఎక్కువ భాగం ఇస్త్రీదే. ఆ రెండు పనులనూ విడదీసి ఆలోచిస్తే మీకు కనిపించే దారులు పెరుగుతాయి.

మొదటి దారి, డ్రై క్లీనింగ్ మాని లాండ్రీలో నీళ్ల ఉతుకు, ఇస్త్రీ కలిపి చేయించడం. డ్రై క్లీనింగ్ కంటే ఇది సాధారణంగా చవక. షర్టు నిజంగా శుభ్రపడుతుంది, మీ ఆదివారం మీకు మిగులుతుంది. నష్టాలు కూడా ఉన్నాయి. లాండ్రీలో తడి షర్టును వేడి పలకల మధ్య గట్టిగా అదుముతారు కనుక గుండీలు పగలవచ్చు. గంజి ఎంత కావాలో చెప్పకపోతే వారికి తోచినంత పెడతారు. గట్టి గంజి పెట్టిన కాలరు అందంగా నిలబడుతుంది, కానీ మడత పడే చోట పోగులు పెళుసై త్వరగా తెగుతాయి. గంజి వద్దని, లేదా పలుచగా చాలని, షర్టులు మడవకుండా హ్యాంగరుకు తగిలించి ఇవ్వమని చెప్పండి. ఏ మరక ఎక్కడ ఉందో, దేనివల్ల పడిందో చూపించి ఇవ్వండి. పండ్లరసం, చక్కెర కలిసిన పానీయం చిందితే ఆరాక కనిపించదు, ఇస్త్రీ వేడికి అది గోధుమ రంగు మరకగా తేలుతుంది, అప్పుడు తీయడం కష్టం.

రెండో దారి, ఇంట్లో ఉతికి ఇస్త్రీ మాత్రం బయట చేయించడం. మీ ఉత్తరం చదివినంతవరకు మీ ఇద్దరికీ ఇదే ఎక్కువగా సరిపోతుందని నాకు అనిపిస్తోంది. ఇస్త్రీకి మాత్రమే ఇచ్చే కూలి, ఉతుకు కలిపిన ధరలో ఒక భాగమే. యంత్రంలో వేయడానికి, తీసి ఆరవేయడానికి పట్టే సమయం తక్కువ. ఉతుకు మన చేతిలో ఉంటుంది కనుక పచ్చబడటం కూడా అదుపులోకి వస్తుంది.

ఉతికే తీరు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ వారి భయం అక్కడే ఉంది. షర్టు గుండీలన్నీ విప్పి, కాలరును నిలువుగా లేపి, లోపలి అంచు మీద, కఫ్‌ల మడత మీద ద్రవరూపంలో ఉన్న సబ్బు కొద్దిగా రాసి మెత్తటి బ్రష్‌తో మెల్లగా రుద్ది పావుగంట ఉంచండి. మురికి చేరేది దాదాపు అంతా అక్కడే. 1827లో అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హానా మాంటేగ్ అనే గృహిణి భర్త షర్టుల కాలర్లను కత్తిరించి, వాటిని మాత్రమే విడిగా ఉతికి మళ్లీ తగిలించే పద్ధతి మొదలుపెట్టారని చెబుతారు. షర్టంతా బాగానే ఉండగా కాలరు కోసం మొత్తం ఉతకవలసి రావడం ఆమెను విసిగించింది. ఆ తరువాత విడి కాలర్ల తయారీయే ఆ పట్టణానికి పేరు తెచ్చింది. మీరు కత్తెర పట్టనక్కరలేదు గానీ, ఆ ఒక్క చోటు మీద శ్రద్ధ పెడితే మిగతా షర్టుకు మామూలు ఉతుకు సరిపోతుంది.

పచ్చబడిన తెల్ల నూలు షర్టులకు సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్‌ను గోరువెచ్చని నీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెట్టండి. నీళ్లలో పడగానే దానినుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలై పాత జిడ్డు రంగును విరగొడుతుంది. చల్లటి నీళ్లలో దాని పని చాలా నెమ్మదిస్తుంది. ఘాటైన వాసన వచ్చే క్లోరిన్ బ్లీచ్ జోలికి మాత్రం వెళ్లవద్దు. చెమట మరకలను అది మరింత పచ్చగా చేయగలదు, పోగునూ బలహీనపరుస్తుంది. పట్టుకు, ఊలుకు ఈ రెండూ పనికిరావు. ఉతికాక గట్టిగా పిండకుండా, ఒకసారి విదిలించి, భుజాలు సరిచేసి హ్యాంగరుకు వేస్తే సగం ముడతలు వాటంతట అవే పోతాయి. మరక పూర్తిగా పోయిందని చూసుకోకుండా ఇస్త్రీకి పంపకండి.

మూడో దారి, అన్నీ ఇంట్లోనే. డబ్బు ఎక్కువగా మిగిలేది ఇందులోనే. కానీ అలవాటైన చేతికి ఒక్కో షర్టుకు ఐదారు నిమిషాలు, కొత్త చేతికి పదీ పదిహేను నిమిషాలు పడుతుంది. పది షర్టులంటే వారానికి గంట నుంచి రెండున్నర గంటల దాకా. మీ షర్టు కాలడానికి కారణం మీ అజాగ్రత్త అని నేను అనుకోవడం లేదు. పూర్తిగా ఎండిన నూలు షర్టు ముడత వదలదు, దానితో వేడి పెంచుతాం, ఒకే చోట ఎక్కువసేపు అదుముతాం, అప్పుడే కాలుతుంది. నూలు పోగులోని అణువులను పట్టి ఉంచే బంధాలు తేమకు, వేడికి సడలి, ఆరి చల్లబడేటప్పుడు కొత్త స్థానంలో మళ్లీ బిగుసుకుంటాయి. కాబట్టి కొంచెం తడి ఉండగానే, లేదా నీళ్లు చిలకరించి చుట్టిపెట్టి, ఇస్త్రీ చేయాలి. మొదట కాలరు కొనల నుంచి మధ్యకు, తరువాత కఫ్‌లు, చేతులు, భుజం పట్టీ, చివర ముందు భాగాలు, వీపు. అయిన వెంటనే తొడుక్కోకుండా చల్లబడనివ్వాలి, లేకపోతే ఒంటి మీదే కొత్త ముడతలు స్థిరపడతాయి.

ఈ దారి ఎంచుకుంటే ఒక షరతు ముందే మాట్లాడుకోండి. మొదటిసారి మీ ఇంట్లో "చేద్దాం" అనే నిర్ణయం ఇద్దరిదీ, చేయడం ఒక్కరిదీ అయింది. బయట ఇచ్చినప్పుడు ఆ పనికి ధర ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు. అదే పని ఇంట్లో జరిగినప్పుడు దాని ధర సున్నా అయిపోయింది. మిగిలిన డబ్బు ఇద్దరి అప్పు తీర్చడానికి వెళ్తే, పోయిన మధ్యాహ్నాలు మీవి మాత్రమే అయ్యాయి. మీరు బాధపడింది ఇందుకేనని, కాలిన షర్టు దానికి ఒక సందర్భం మాత్రమేనని నాకు తోస్తోంది. ఇది ఆయనతో నిందగా కాకుండా లెక్కగానే చెప్పవచ్చు. "ఎవరి షర్టులు వారు ఇస్త్రీ చేసుకుందాం, వీలు కాని వారం ఎవరివి వారు బయట ఇచ్చుకుందాం" అనడం ఒక పద్ధతి. ఒకరు ఉతికి ఆరవేస్తే మరొకరు ఇస్త్రీ చేయడం ఇంకో పద్ధతి. ఆయన ఇస్త్రీ చేయడానికి ఇష్టపడకపోతే అది ఆయన ఇష్టం. అప్పుడు ఆయన షర్టుల ఇస్త్రీ ఖర్చు తప్పదని ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ మాట తేలకుండా మూడో దారి పడితే రెండు నెలల్లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారని నా భయం.

ఇస్త్రీ అక్కరలేదని అమ్మే షర్టుల గురించి కూడా రాశారు. 1950ల చివరి నుంచి అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనశాలలో రూత్ బెనెరిటో, ఆమె సహచరులు చేసిన పరిశోధన ఇలాంటి బట్టకు పునాది వేసింది. నూలు పోగులోని అణువులను రసాయనంతో ఒకదానికొకటి కట్టివేస్తే బట్ట నలగదు. అయితే అలా కట్టివేసిన పోగు కొంత బలం కోల్పోతుంది, అంచుల దగ్గర త్వరగా అరుగుతుంది. గాలి ఆడనట్టు అనిపిస్తుందని కొందరంటారు. ఆ పూతల్లో చాలావాటికి ఫార్మాల్డిహైడ్ ఆధారం కనుక సున్నితమైన చర్మం ఉన్నవారు తొడిగే ముందు ఉతికి వాడటం మంచిది. వీటికి గంజి పెట్టించడం, వీటిని ఖరీదైన డ్రై క్లీనింగ్‌కు పంపడం రెండూ దండగ. కొత్త షర్టులు కొనవలసి వచ్చినప్పుడు ఒకటి తీసుకుని చూడండి, ఉన్నవి పక్కన పెట్టి ఇవి కొంటే ఖర్చు తగ్గదు.

పెర్‌క్లోరోఇథిలీన్ గురించి మీరు ఎక్కడో చదివి ఆందోళన పడ్డారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల వర్గంలో చేర్చింది. డ్రై క్లీనింగ్‌లో దాని వాడకాన్ని పదేళ్లలో దశలవారీగా ఆపాలని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2024 డిసెంబరులో నిర్ణయించింది. అసలు ప్రమాదం రోజంతా ఆ యంత్రాల పక్కన పనిచేసేవారికి. ఇంటికి వచ్చిన బట్టకు ప్లాస్టిక్ తొడుగు తీసి, గాలి తగిలే చోట కొన్ని గంటలు వేలాడదీసి ఆ తరువాత అలమరలో పెడితే చాలు.

మీ షర్టుకు ఎక్కువ ధర ఎందుకన్న ప్రశ్నకు లాండ్రీవారు చెప్పే కారణం ఒకటుంది. షర్టును తొడిగి అదిమే యంత్రపు దిమ్మె మగవారి షర్టుల కొలతలకు తయారవుతుంది. చిన్న సైజు షర్టు, నడుము దగ్గర కుట్టు మడతలున్న షర్టు దానిమీద సరిగా కూర్చోదు, చేతితో ఇస్త్రీ చేయవలసి వస్తుంది. ఇందులో కొంత నిజముంది. కానీ మీ షర్టు తిన్నగా, మామూలు నూలుతో ఉండి, యంత్రం మీదే చేసి ఎక్కువ తీసుకుంటున్నట్లయితే అది న్యాయం కాదు. ఒకే పనికి ఆడ, మగ తేడాతో వేరు ధర తీసుకోవడాన్ని కాలిఫోర్నియా 1995లోనే చట్టం చేసి నిషేధించింది. ధర బట్టను బట్టా, మనిషిని బట్టా అని నిదానంగా అడగండి. ఇస్త్రీ మాత్రమే ఇచ్చే పద్ధతికి మారితే ఈ తేడా చాలాచోట్ల దానంతట అదే పోతుంది, ఎందుకంటే చేతి ఇస్త్రీకి రెండూ ఒకటే.

బుడగలు లేచిన కాలరు విషయం చివరకు ఉంచాను, ఎందుకంటే అందులో దుకాణానిదీ తయారీదారుదీ ఎవరి తప్పైనా కావచ్చు. ఇప్పటి షర్టుల్లో చాలావాటి కాలరు లోపల గట్టిదనం కోసం ఒక పొరను జిగురుతో అతికిస్తారు. జిగురు నాసిరకమైనా, లోపలి పొర, పైబట్ట వేరువేరుగా ముడుచుకునేవైనా ఉతికిన కొద్దీ బుడగలు వస్తాయి. అది తయారీ లోపం. యంత్రపు వేడి హద్దు మీరినా అదే జరుగుతుంది. ఏది కారణమో ఆ ఒక్క షర్టును చూసి తేల్చలేరు, మిగిలినవాటిని చూడండి. అదే కంపెనీ షర్టులకు మాత్రమే బుడగలు వస్తే తయారీదారును అడగాలి. వేరువేరు కంపెనీల షర్టులకు ఈమధ్యే రావడం మొదలైతే దుకాణం ఇస్త్రీ వేడిని అనుమానించాలి. బిల్లు, లేబుల్, కాలరు ఫొటోలతో ఇద్దరికీ రాతపూర్వకంగా తెలపండి. ఎవరూ ఒప్పుకోకపోతే, షర్టు మిగతా అంతా బాగుంటే, దర్జీ చేత కాలరు మార్పించవచ్చు. దానికయ్యే కూలి ముందు కనుక్కుని, రెండు మూడుసార్లు డ్రై క్లీనింగ్‌కు ఇచ్చిన దానికి మించకపోతే మార్పించండి, మించితే ఆ షర్టును ఇంట్లో వాడుకోండి.